ముందు సంతకం చదవండి

నేను పాత నోట్లు సేకరిస్తానని తెలిసి సికింద్రాబాద్‌లో చాలామంది అడిగేది ఒక్కటే: "తాతగారి పెట్టెలో నిజాం నోటు దొరికిందండీ, ఎంతొస్తుంది?" నోటును వెలుతురులోకి తీసుకెళ్లి నేను ముందు సంతకం చూస్తాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి, 1918లో హైదరాబాద్ సంస్థానం పది, వంద రూపాయల నోట్లు తెచ్చింది. మరుసటి ఏడు ఒకటి, అయిదు, 1926లో వెయ్యి. పేరు ఉస్మానియా సిక్కా. మొదట లండన్‌లో వాటర్‌లో అండ్ సన్స్, తర్వాత నాసిక్ ముద్రణాలయం అచ్చువేశాయి. కంటోన్మెంట్ ఉన్న మా ఊళ్లో కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు; హుస్సేన్‌సాగర్ అవతల హాలీ రూపాయలు, అంటే నిజాం రూపాయలు. ఆరు కల్దార్లకు దాదాపు ఏడు హాలీ.

ఆ నోట్ల మీద ఆర్థికమంత్రులు సంతకం చేసేవారు. అలా సంతకం చేసినవారిలో గులాం మహమ్మద్ 1951లో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుస్సేన్ 1948లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్‌కు తొలి గవర్నరు. డాక్టర్ మెల్కోటే 1952లో హైదరాబాద్ రాష్ట్ర బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో ఆర్థికమంత్రి. నిజాం కొలువు నుంచి ఎన్నికైన ప్రభుత్వం దాకా మన చరిత్ర ఆ సంతకాల వరసలోనే ఉంది.

ఖజానాకు చేరని నోట్లూ ఉన్నాయి. వాటిని మోసుకొస్తున్న 'ఈజిప్ట్' ఓడ 1922 మేలో ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగింది. పదేళ్లకు ఇటలీ సాల్వేజ్ బృందం బంగారంతో పాటు ఆ నోట్లనూ పైకి తీసింది. సేకర్తలు వాటి కోసం ఇప్పటికీ వెతుకుతారు.

మన నోట్లను అమెరికా నోట్లతో పోల్చి చూడండి. అక్కడ 1863–1935 మధ్య ఊరూరి జాతీయ బ్యాంకులు సొంత పేరుతో నోట్లు వేశాయి. ఏ ఊరి బ్యాంకు నోట్లు ఎన్ని మిగిలాయన్నదాన్ని బట్టి అక్కడ ధర పలుకుతుంది. అవి నేటికీ చెల్లుతాయి. మన సిక్కా చలామణి 1950ల్లోనే ముగిసింది. దానికి మిగిలిన విలువంతా చరిత్రే.

అందుకే ఆ నోటును కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు. ఎడమ అంచున సూది బెజ్జాలుంటే కంగారు పడకండి, కట్టలు కుట్టిన గుర్తులవి. నోటు మీద నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం ఉంటే 590 కలపండి, ఇంచుమించుగా ఇంగ్లీషు సంవత్సరం తెలుస్తుంది. ఆ నోటు ఇంట్లోకి ఎలా వచ్చిందో, జీతంగానో పంట సొమ్ముగానో, పెద్దల్ని అడిగి చీటీ మీద రాసిపెట్టండి. ధర చెప్పేవాళ్లు బజార్లో ఎప్పుడైనా దొరుకుతారు. ఆ సంగతి చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లోనే ఉన్నారు, ఈ వారమే అడగండి.