నడుంతో లాగాల

భీమిలి వెళ్ళినవాళ్ళు డచ్చివాళ్ళ సమాధులు చూస్తారు, లైట్‌హౌస్ చూస్తారు, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఫొటోలు దిగుతారు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, చెప్పుకోడానికి చరిత్ర బోలెడుంది. నాకు మాత్రం అక్కడ చూడాల్సింది పొద్దున్నే అలివి వల లాగడమే.

ఒడ్డు నుంచే లాగే పెద్దవల అది. ఒక కొస తాడు ఒడ్డున ఉన్నవాళ్ళ చేతుల్లో ఉంటుంది. పడవ వల వదులుకుంటూ సముద్రంలో చుట్టు తిరిగి, రెండో కొసను కాస్త అవతల ఒడ్డుకు తెస్తుంది. ఇక రెండు జట్లు లాగుడు. వల దగ్గరపడేకొద్దీ జట్లు కూడా దగ్గరకు జరుగుతాయి.

కండబలం పనే అనుకుంటాం గానీ ఒడుపూ కావాలి. వల రెండు రెక్కలూ సమానంగా రాకపోతే మధ్యలోని సంచి పక్కకు తిరుగుతుంది. బెండ్లు కట్టిన పైతాడు తేలాలి, బరువులు కట్టిన అడుగుతాడు నేలను ఒరుసుకుంటూ రావాలి. అది లేచిందంటే చేప కిందనుంచి జారుకున్నట్టే. ఓ పెద్దాయన నాకూ తాడందించాడు. కాసేపటికే అరచేతులు మండాయి. “చేతుల్తో కాదు బాబూ, నడుంతో లాగాల” అన్నాడు. అలా లాగి చూశాను. మంట తగ్గలేదు గానీ తాడు మాత్రం కదిలింది.

సంచి విప్పితే కవ్వళ్ళు, నెత్తళ్ళు. వలకో వాటా, పడవకో వాటా తీసి మిగిలింది లాగినవాళ్ళు పంచుకోవాలి. చేపలు తక్కువ పడినరోజు ఆ లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టదు. సన్నకన్ను వలలో పిల్లచేపలూ పడతాయి. ఈ వేటను మెచ్చుకునేవాళ్ళు ఆ మాట దాచకూడదు.

అయితే ఈ వలకు అన్నిటికన్నా ముందు కావల్సింది ఖాళీ ఇసుక. రాళ్ళు పోస్తే వల చిరుగుతుంది. బల్లలు, బజ్జీల బండ్లు వరసగా వస్తే జట్టు వెనక్కి నడిచే చోటుండదు. బీచ్‌ను అందంగా తీర్చిదిద్దాలనుకునేవాళ్ళు కాగితం మీద గీతలు గీసేముందు ఒక్క ఉదయం ఈ తాడు పట్టుకోవాలి. ఆ ఇసుక వల లాగేవాళ్ళ పొలం. మనం గట్టుమీద నడిచేవాళ్ళం.

మీరు వెళ్తే వల వస్తుండగా తాళ్ళ మధ్యకు దిగి సెల్ఫీలు తీసుకోకండి. గంప ముందు కూర్చున్న అమ్మ దగ్గర చేపలు కొంటే బేరమాడకుండా డబ్బులివ్వండి.