సాత్త్వికభావములు – నవీన నాడీశాస్త్రము

రసనిరూపణ సందర్భమున భరతముని భావములను 49గా లెక్కించెను. స్థాయులు 8, వ్యభిచారులు 33, సాత్త్వికములు 8. వీనిలో స్థాయులను గూర్చియు, వ్యభిచారులను గూర్చియు లాక్షణికులు విస్తారముగాఁ జర్చించిరి. సాత్త్వికములు మాత్రము తఱచుగాఁ బేళ్లు చెప్పి విడువఁబడినవి. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము అను నీ యెనిమిదింటిని బాఠశాలలోని బాలుఁడును వల్లింపఁగలఁడు. కాని యిందొక శంక పొడముచున్నది. చెమట, కన్నీరు, వణఁకు మొదలగునవి దేహవికారములు గదా! భావమనఁగాఁ జిత్తవృత్తి. దేహవికారము చిత్తవృత్తి యెట్లగును? అనుభావములతోఁ జేరవలసిన వానిని భరతుఁడు భావములలో నేల చేర్చెను?

ఈ శంక మన శాస్త్రమునకు మాత్రమే సంబంధించినది కాదు. మనుష్యుని యుద్వేగములను బరిశీలించు నవీనశాస్త్రజ్ఞులు 1872 మొదలు నేఁటివఱకు దేహమునకును భావమునకును గల పౌర్వాపర్యమును గూర్చియే వివాదపడుచున్నారు. ఈ వివాదమును సరిగాఁ దెలిసికొనక, ‘భరతుని స్థాయులే పాశ్చాత్యుల మూలోద్వేగములు, మన శాస్త్రమును నవీనులు ధ్రువపఱచిరి’ అని సభలలోఁ బలుకుట వినవచ్చుచున్నది. ఆ మాట శాస్త్రమునకు గౌరవము దెచ్చునది కాదనియు, భరతాదుల నిజమైన ప్రతిభ వేఱొకచోట నున్నదనియు నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా మనవారి సమాధానము. సత్త్వమనఁగా సమాహితమైన మనస్సునుండి పుట్టునదని భరతుఁడు నాట్యశాస్త్ర సప్తమాధ్యాయమునఁ జెప్పెను. నటునకు నిజముగా దుఃఖము లేదు. అయినను కన్నీరు రావలెను. చేయి యెత్తుట, కనుబొమ్మ ముడుచుట వంటివి తలఁచినంతనే చేయవచ్చును. కన్నీరు, గగుర్పాటు తలఁచినంతనే రావు. మనస్సు నొక్కదానియందు నిలిపినఁ గాని యవి పొడమవు. కావున నివి యితరానుభావములకంటె వేఱైన జాతి. పండ్రెండవ శతాబ్దివాఁడైన హేమచంద్రుఁడు సత్త్వమును బ్రాణముగా వ్యాఖ్యానించి, చిత్తవృత్తి ప్రాణమునందు సంక్రమించుటచే లోపలఁ గలుగునవి సాత్త్వికభావములనియు, వెలుపలఁ గానవచ్చు స్తంభాదులు దేహధర్మములగు ననుభావములనియు విభజించెను. రాచకొండ నేలిన సింగభూపాలుఁడు రసార్ణవసుధాకరమున, భావములన్నియు సత్త్వమూలములే యైనను వీనికి సత్త్వమొక్కటియే మూలమగుటచే నీ పేరు చెల్లినదనియు, భావమును సూచించుటచే నివి యనుభావములును నగుననియుఁ జెప్పి యీ ద్వైరూప్యము నంగీకరించెను. అనఁగా మనవారి మతమున సాత్త్వికము మనోదేహముల సంధిస్థానము.

ఇఁక నవీనుల మాట. ఛార్లెస్ డార్విన్ 1872లో మనుష్యులయందును జంతువులయందును నుద్వేగములు వెల్లడియగు విధమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు రోమాంచమును గూర్చిన విచారము మనకు మిక్కిలి యుపయుక్తము. ప్రతి వెండ్రుక మొదటను సూక్ష్మమైన కండర మొకటి కలదు. అది ముడుచుకొనినచో వెండ్రుక నిక్కును. పిల్లి శత్రువును జూచినపుడు వెండ్రుకలు నిక్కించుకొని పెద్దదిగాఁ గానవచ్చును. చలివేళ నిక్కిన వెండ్రుకల నడుమ గాలి నిలిచి వెచ్చఁదనమును గాపాడును. మనుష్యుని యొడలి రోమములు పలుచనైనవి, కాని యా కండరములును వానిని నడపు నాడులును నిలిచియున్నవి. ఇపుడు భరతుఁడు రోమాంచమునకుఁ జెప్పిన హేతువులను జూడుఁడు: స్పర్శము, భయము, శీతము, హర్షము, క్రోధము, రోగము. భయమును, శీతమును, క్రోధమును నొక్కచోఁ జేర్చుట పైకి వింతగాఁ దోఁచును. జంతుపరంపరను బట్టి చూచినచో నా మూఁటికి నొకే పనిముట్టు వాడఁబడుచున్నదని తెలియును. భరతుఁడు పరిణామవాద మెఱుఁగఁడు. కాని లోకమును నిశితముగఁ జూచినవాఁడు గాన నున్నదాని నున్నట్లు పేర్కొనెను. హర్షమువలనఁ గలుగు రోమాంచమును గూర్చియు నేఁడు పరిశోధనలు గలవు. 2001లో బ్లడ్, జటోరె యను శాస్త్రజ్ఞులు సంగీతము వినుచు గగుర్పాటు పొందినవారి మెదడును బరీక్షించి, ఆహారాది సుఖములయందుఁ బని చేయు భాగములే యపుడును జురుకుగా నుండుటను గనిరి.

మిగిలిన సాత్త్వికములును జాలవఱకుఁ దక్కిన చేష్టలవలె సంకల్పమునకు లోఁబడనివి. స్వేదగ్రంథులు, చర్మమునందలి రక్తనాళములు, అశ్రుగ్రంథులు, గుండె యనునవి స్వయంచాలకమైన నాడీమండలముచే నడపఁబడును. రక్తనాళములు సంకోచించినచో వైవర్ణ్యము. గుండె వేగము తగ్గి రక్తపు పోటు పడిపోయినచో మూర్ఛ, అనఁగాఁ బ్రలయము. ఇచ్ఛచేఁ గదలు నంగముల పనులను, ఇచ్ఛకు లోఁబడని వికారములను వేఱుచేసి, రెండవదానికిఁ బ్రత్యేకముగఁ బేరిడుట భరతుని వర్గీకరణమునందలి విశేషము. ఇందు నాడీశాస్త్రమునకును నాట్యశాస్త్రమునకును నిజమైన పొత్తు గలదు.

అయితే ముఖ్యవివాద మింకను మిగిలియున్నది. దేహవికారము భావమునకుఁ గార్యమా, కారణమా? 1884లో అమెరికాదేశపు పండితుఁడు విలియమ్ జేమ్స్ లోకవ్యవహారమును దలక్రిందు చేసెను. భయపడుటచే వణఁకుట కాదు. వణఁకుచున్న దేహము నెఱుఁగుటయే భయమని యాతని సిద్ధాంతము. 1885లో డెన్మార్కువాఁడైన లాంగె యిట్టి మతమునే ప్రకటించెను. ఈ మతము నిజమైనచో మన పరిభాషయే కుప్పకూలును. భావము ననుసరించి పుట్టి దానిని దెలుపునది యనుభావమని గదా మనము చెప్పుచున్నాము! అది ముందే పుట్టినచో ననుభావ మెట్లగును?

దీనికిఁ బ్రత్యుత్తరము 1927లో వాల్టర్ కానన్ యిచ్చెను. భయమునందును, క్రోధమునందును గుండె వేగముగాఁ గొట్టుకొనుట, చెమట పట్టుట మొదలగు వికారము లొక్కటే. చలియందును, జ్వరమునందును గూడ నట్టివి గలుగును. ఒక్కటియే యైన వికారము నెఱుఁగుటచే వేఱువేఱు భావము లెట్లు గలుగును? మఱియు నంతరవయవముల నుండి మెదడునకు వార్త చేరు నాడులను ద్రెంచినను జంతువులు కోపచేష్టలు చూపుచునే యున్నవి. 1924లో స్పెయిను దేశపు వైద్యుఁడు మరాన్యోన్ యొనర్చిన ప్రయోగము నిం దుదాహరింపఁదగును. ఎడ్రినలిన్ అను ద్రవమును శరీరములోనికి సూదిచే నెక్కింపఁగా గుండెదడ, వణఁకు పుట్టినవి. కాని యనేకులు ‘భయపడినట్లున్నది’ యనిరే కాని ‘భయపడితిమి’ అనలేదు. దేహవికార మున్నది, ఆలంబనము లేదు, కావున భావము నిండుగాఁ బొడమలేదు. మన పరిభాషలోఁ జెప్పవలెనన్న, విభావము లేని సాత్త్వికము భావాభాసము మాత్రమే.

భరతుఁడు చెప్పిన యశ్రుహేతువుల జాబితా యీ సందర్భమున మఱింత విలువ గలది. ఆనందము, అమర్షము, భయము, శోకము అనువానితోపాటు పొగ, కాటుక, ఆవులింత, ఱెప్పపాటు లేక చూచుట, చలి, రోగము అనువానినిఁ గూడ నాతఁడు చేర్చెను. భావహేతువులను, భౌతికహేతువులను నొక్క వరుసలో నిలుపుట యేమరుపాటు కాదు. ఒక చిహ్నమునకు బహుకారణము లుండునను సత్య మిందుఁ బొదిగియున్నది. పదునొకండవ శతాబ్దివాఁడైన మమ్మటుఁడు కావ్యప్రకాశ చతుర్థోల్లాసమున దీనిని సిద్ధాంతముగ నిరూపించెను. పులి భయానకమునకే కాదు, వీరాద్భుతరౌద్రములకును విభావము కావచ్చును. అశ్రుపాతము కరుణమునకే కాదు, శృంగారభయానకములకును అనుభావము. చింత మొదలగు వ్యభిచారులును నట్లే. కావున నేదియు నొంటరిగా రసమును నిశ్చయింపఁజాలదు. మూఁడును గలిసియే నిశ్చయించును. సూత్రమున మూఁటిని గలిపి చెప్పుట కిదియే కారణమని యాతని తాత్పర్యము.

తెలుఁగు కావ్యములలో దీనికి దృష్టాంతములు కొల్లలు. తిక్కన యుద్యోగపర్వమున ద్రౌపది కృష్ణునికిఁ దన కొప్పు చూపి కన్నీరు విడుచును. అది శోకమా? అందు శోకముకంటె నమర్షమే ప్రధానము. పోతన ప్రహ్లాదుఁడును గన్నీరు విడుచును. కాని యది భక్తిపారవశ్యమువలని యానందాశ్రువు. ఇద్దఱి చెక్కిళ్లపైని గన్నీటిబొట్టు నొక్కటే. సందర్భము తొలఁగించి యా బొట్టును మాత్రమే చూపినచో నేది యెవరిదో యే సహృదయుఁడును జెప్పఁజాలఁడు.

ఇపుడు ‘మూలోద్వేగ’ వాదమును బరిశీలింతము. పాల్ ఎక్మన్ న్యూగినీ దీవియందలి ఫోరె జాతివారికి ముఖచిత్రములను జూపి పరీక్షించి, తన సహచరునితోఁ గూడి 1971లో ఫలితములను బ్రకటించెను. సంతోషము, దుఃఖము, కోపము, భయము, జుగుప్స, ఆశ్చర్యము అను నాఱును సర్వమానవసాధారణములనియు, వానివాని ముఖచిహ్నములు నియతములనియు నాతని మతము. భరతుని స్థాయులతో వీనికిఁ బోలిక కలదనుట నిజమే. కాని రతికిని, ఉత్సాహమునకును నిందుఁ జోటు లేదు. మన సాహిత్యమున సింహభాగము శృంగారవీరముల దేకదా! ఎక్మన్ సంతోషమును హాసముతో సమానము చేయుటయుఁ గుదురదు. అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. ఎక్మన్ జాబితా యే యుద్వేగములు పుట్టుకతో వచ్చినవను ప్రశ్నకు సమాధానము. భరతుని జాబితా యే భావములు నాట్యమునఁ జివరివఱకు నిలిచి రసత్వము నొందఁగలవను ప్రశ్నకు సమాధానము. ప్రశ్నలు వేఱైనపుడు జాబితాలు గలియుట విశేషమే కాని ప్రమాణము కాదు. 33 వ్యభిచారులలో నిద్ర, మరణము, అపస్మారము ఉన్నవని తలఁచినచో భరతుని లెక్క మనశ్శాస్త్రపు లెక్క కాదని వెంటనే తెలియును.

పైఁగా నా యెక్మన్ మతమే నేఁడు తీవ్రమైన విమర్శకు గుఱియైనది. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మొదలగు నైదుగురు పండితులు 2019లో నప్పటి పరిశోధనలను సమీక్షించి, ముఖచిహ్నమును మాత్రమే చూచి యుద్వేగమును నిశ్చయించుట నమ్మఁదగినది కాదనియు, కోపము వచ్చినవాఁడు ప్రతిసారియుఁ గనుబొమ్మలు ముడువఁడనియు, ముడిచినవాఁడెల్ల గోపించినవాఁడు గాఁడనియుఁ దేల్చిరి. ఇది మమ్మటుని వాక్యమునకు నవీనవ్యాఖ్య వలె నున్నది. కావున నలంకారశాస్త్రమునకు నేఁటి శాస్త్రముతోఁ బొత్తు గలదేని యది మూలోద్వేగవాదముతోఁ గాక, దానిని ఖండించువారితోనే యధికము.

అట్లని బారెట్ మతమును మన సిద్ధాంత మనుటయుఁ దగదు. ఉద్వేగములు పుట్టుకతో వచ్చినవి కావనియు, పూర్వానుభవమును సంస్కృతిని బట్టి మెదడు నిర్మించుకొనునవనియు నామె 2017నాఁటి గ్రంథమునఁ బ్రతిపాదించెను. మన అభినవగుప్తుఁడు దీని కెదురుగా నున్నాఁడు. పుట్టిన ప్రతి జంతువును రత్యాదిసంవిత్తులతోఁ గూడియే యుండుననియు, ఆ వాసన లేనివాఁ డెవ్వఁడును లేఁడనియు నాతఁడు చెప్పెను. జాక్ పాంక్‌సెప్ 1998లో వెలువరించిన గ్రంథమున, క్రోధభయాదులకు మూలమగు మార్గములు క్షీరదములన్నింటి మెదడు లోఁతులందును గలవని చెప్పుట యభినవగుప్తుని మాటకు దగ్గఱగా నున్నది. కాని యిందును జాగరూకత వలయును. వాసన జీవుని జన్మాంతరానుభవముయొక్క సంస్కారము. శాస్త్రజ్ఞుల వంశానుక్రమము జాతియందుఁ బ్రకృతివరణముచే నిలిచిన నిర్మాణము. అందు స్మృతి లేదు, అనుభవించిన జీవుఁడును లేఁడు. అభ్యాసము సంతతికి సంక్రమించునని డార్విన్ 1872లోఁ గొంత నమ్మెను. వాసనావాదమునకు దగ్గఱగా నున్న యా యంశమునే తరువాతి జీవశాస్త్రము విడిచిపెట్టినది. పోలిక యెచ్చట మనకుఁ బ్రియమో యచ్చటనే పరీక్ష కఠినముగా నుండవలెను.

ఉద్వేగము వేఱు, దాని యనుభూతి వేఱు అను వివేకము నేఁటి నాడీశాస్త్రమునందలి శ్రేష్ఠమైన లాభము. ఆంటోనియో డమాసియో 1994 మొదలు దేహగతమైన యుద్వేగమును, దాని నెఱుఁగు ననుభూతిని వేఱుచేసి వ్రాయుచు వచ్చెను. జోసెఫ్ లెడూ 1996లో మెదడునందు బాదముగింజ యాకారముగల ఎమిగ్డలా యను భాగమును భయమునకు ముఖ్యస్థానముగా వర్ణించి, 2015 నాఁటికి, అది యాపదనుండి కాపాడు ప్రతిక్రియకు స్థానమే కాని భయానుభూతికి స్థానము గాదని సవరించెను. రెండు వైపుల ఎమిగ్డలా నశించిన యొక స్త్రీ పాములకును భయపడకుండెను. కాని 2013లోఁ బ్రకటితమైన ప్రయోగమున బొగ్గుపులుసు గాలి యధికముగాఁ గలిసిన వాయువును బీల్చినపుడు తీవ్రభయమునకు లోనయ్యెను. ‘భయస్థాన’ మొక్కటియే లేదని దీనివలనఁ దెలియుచున్నది.

ఇంత తెలిసిన తరువాతను రసము మిగిలియే యున్నది. ఈ శాస్త్రజ్ఞులు పరీక్షించినది లౌకికభావమును. పాము నెదురఁ గాంచినవాఁడు పాఱిపోవును. భయానకమును జూచు సామాజికుఁడు కూర్చుండి యాస్వాదించును. స్వపరభేదము తొలఁగిన యా యాస్వాదమే మన శాస్త్రమునకు విషయము. దానిని ఎమిగ్డలాయందు వెదకుటయుఁ దగదు, వెదకలేదని శాస్త్రజ్ఞులను నిందించుటయుఁ దగదు.

బోధకులకు నిందుండి యొక యుపయోగము కలదు. కన్నీరున్న పద్యమెల్లఁ గరుణమనియు, వణఁకున్న పద్యమెల్ల భయానకమనియు వ్రాయు విద్యార్థి యొక చిహ్నమునకు నొక భావము నంటగట్టుచున్నాఁడు. ‘ఎవరినిగూర్చి, ఏ సందర్భమున, దేనితోఁ గూడి’ అను మూఁడు ప్రశ్నలు వేయించిన పిమ్మటనే రసనామమును జెప్పనిచ్చుట మేలు. అది మమ్మటుని యుపదేశము. వేఱు త్రోవను వచ్చి నవీనులును నా తావునకే చేరుచున్నారు. మన శాస్త్రమునకు గౌరవ మితరులు ధ్రువపఱచుటచేఁ గాక, దానితో నింకను జక్కగాఁ జదువఁగలుగుటచేతనే కలుగును.