నాగరిక ప్రణిధియు గృహస్థుని గడపయు

కౌటిల్యుని యర్థశాస్త్రమును గూర్చి మాటలాడువారు తఱచుగా నందలి గూఢచారులనే తలఁతురు. తాపసవేషమునను, వర్తకవేషమునను, భిక్షుకీవేషమునను దిరుగువారి కథ వినుటకు వింతగానే యుండును. 1909లో శామశాస్త్రిగారు మైసూరున మూలమును ముద్రింపించినది మొదలు దీనిని రాజనీతికిఁ బరమావధి యని కొందఱును, క్రౌర్యమని కొందఱును వాదించుచున్నారు. మాకుఁ జూడఁగా నుభయులును ముఖ్యమైన చోటును దాఁటిపోయిరి. అది రెండవ యధికరణమున ముప్పదియాఱవ యధ్యాయము, నాగరిక ప్రణిధి.

అందుఁ బ్రధానపాత్రము వేషధారి కాఁడు, మనవంటి గృహస్థుఁడు. పది, యిరువది, లేక నలువది కుటుంబములకు గోపుఁడను నుద్యోగి యొకఁడు. ఆ యిండ్లలోని స్త్రీపురుషుల జాతి గోత్ర నామములను, వృత్తులను, ఆదాయవ్యయములను వాఁ డెఱిఁగియుండవలెను. రహస్యముగా గాయమునకుఁ జికిత్స చేయించుకొనువానిని వైద్యుఁడు తెలుపవలెను. తన యింటికి వచ్చినవారిని, వెడలినవారిని యజమానుఁడు విన్నవింపవలెను. లేనిచో నా రాత్రి జరిగిన దోషమున నాతఁడును భాగియగును. ఏ దోషమును జరుగని రాత్రి యైనచో మూఁడు పణములు చెల్లింపవలెను.

ఈ మూఁడు పణములకడఁ జదువరులు కొంచెము నిలువవలెనని మా ప్రార్థన. దొంగతనము జరిగిన రాత్రికి దండన యన్నఁ గారణము గలదు. క్షేమముగా గడచిన రాత్రికి దండన యేల? మేనత్త వచ్చినది, పప్పన్నము తిన్నది, తెల్లవాఱిన వెంటనే బండి యెక్కినది. ఊరికి హాని లేదు. యజమానుఁడు మాత్రము దోషి. ఇచట శిక్షింపఁబడునది నేరము కాదు, చెప్పకుండుట. గ్రంథకర్త దీనిని సుంకపు లెక్కవలె నొక్కముక్కలోఁ జెప్పి సాగిపోవును. అతిథిని బూజింపుమన్న సంఘమే యతిథిని బట్టి యిమ్మన్నప్పు డా గృహస్థుని మనస్సేమగునో యాయన విచారింపఁడు. శాస్త్రమునకుఁ గరుణ యక్కఱలేదందురేమో. మనుష్యుని నెఱుఁగుట యక్కఱలేదా?

న్యాయమునకు మఱియొక మాట కూడఁ జెప్పవలెను. ఆపరానివాని నాపిన కావలివానికి, నిషిద్ధవేళ సంచరించిన పౌరునకు విధించుదానికి రెట్టింపు దండన యని యీ యధ్యాయమే విధించినది. ఇంత సూటియైన వాక్యము మన కాలపు చట్టములలో నరుదు.

1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, రాత్రివేళఁ బోలీసు లింటికి వచ్చి తలుపు తట్టుటను గొట్టివేసినది. కాని యాతఁ డిల్లు విడిచి యెక్కడికిఁ బోయెనో కానిస్టేబులును చౌకీదారును దెలుపు పద్ధతిని నిలిపినది. ఆర్గురు న్యాయమూర్తులలో నల్వురి మాట యది. రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు షాగారితోఁ గూడి దీనికి సమ్మతింపలేదు. చేయి పట్టి యాపువారు లేకున్నను, దన్ను గమనించుచున్నారని యెఱిఁగినవాని నడక స్వేచ్ఛ కాదని వారి యభిప్రాయము. గోపుఁడు లెక్క వ్రాసికొని పోయిన పిమ్మట నింటిలో నేమి మిగులునో కౌటిల్యుఁడు వ్రాయని భాగమును వ్రాసినవారు వీరే యని మే మెంచుచున్నాము. 2017లోఁ దొమ్మండ్రు న్యాయమూర్తు లేకగ్రీవముగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కే యని తీర్పిచ్చి, కాదన్న పాత మాటను ద్రోసివేసిరి.

అయినను, అద్దెకున్నవారి వివరములను స్టేషనునఁ దెలుపుఁడని నగరములలోని గృహస్థులకు నేఁడును నుత్తరువులు వచ్చుచునే యున్నవి. అట్టి యుత్తరువు చేతికందినవారు ముప్పదియాఱవ యధ్యాయమును దెచ్చి, ప్రక్కనఁ బెట్టికొని, తీఱికగాఁ జదువుదురుగాక. మూఁడు పణములకడ మఱల నొకసారి నిలువవలెను.