గురుత్వాకర్షణతో పేచీ లేదు

ఎన్.సి.సి. ఫైరింగ్ రేంజ్‌లో మన పిల్లలు మొదటి పాఠం హిందీలోనే వింటారు: మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, దురుస్త్ ట్రిగ్గర్ ఆపరేషన్. పట్టు గట్టిగా ఉండాలి, గురి కుదరాలి, ట్రిగ్గర్‌ని కుదుపు లేకుండా నొక్కాలి. మూడూ మన చేతుల్లో, మన కంటి దగ్గర జరిగే పనులే. తూటా గొట్టం దాటాక దాని గతేమిటని అడిగేవాళ్లు తక్కువ. రైఫిల్ నేర్పే పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

దాటీ దాటగానే అది పడడం మొదలుపెడుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీకి వాడే పాయింట్ టూటూ రైఫిల్నే తీసుకోండి. తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయల్దేరి, సెకనులో ఆరో వంతు గడిచేలోపే టార్గెట్ చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే బ్యారెల్ చూస్తున్న గీత నుంచి పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు కిందకి దిగిపోతుంది. అదే తూటాని 100 మీటర్లకు పంపితే దిగేది దాదాపు అర మీటరు. దూరం రెట్టింపైతే దిగుడు నాలుగు రెట్లు. పడే వస్తువు పడుతున్నకొద్దీ వేగం పుంజుకుంటుంది కదా, అందుకు.

ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "మరి అంత పడితే పది రింగు ఎలా తగులుతుంది మేడమ్? తూటా ముందు పైకి లేస్తుందా?" లేవదమ్మా, మనమే లేపుతాం. సైట్లు బ్యారెల్‌కి నాలుగు సెంటీమీటర్లు పైన ఉన్నాయనుకోండి. మన చూపు టార్గెట్ వైపు తిన్నగా వెళ్తుంది, బ్యారెల్ మాత్రం రవ్వంత పైకి చూస్తూ ఉంటుంది. ఆ వాలు డిగ్రీలో అయిదో వంతు కూడా ఉండదు. 50 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సైట్లు సరిచేసిన, రైఫిల్లో తూటా చూపు కిందనుంచి బయల్దేరి, పదహారు మీటర్ల దగ్గర చూపుని దాటి పైకొస్తుంది. 33 మీటర్ల దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లు పైన ఉంటుంది. అక్కణ్నుంచి దిగుతూ సరిగ్గా 50 దగ్గర చూపుని మళ్లీ కలుస్తుంది. సైట్ ముట్టుకోకుండా అదే గురితో 100 మీటర్లకు కాలిస్తే జానెడు కింద తగులుతుంది.

ఇంతవరకూ గురుత్వాకర్షణ వల్ల మనకే ఇబ్బందీ లేదు. అది ప్రతి తూటానీ ఒకే తీరుగా లాగుతుంది. పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉండదు. ఎంత పడేస్తుందో తెలిశాక సైటు రెండు క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. షూటర్ని ఏడిపించేది ఆ పన్నెండు సెంటీమీటర్లు కాదు, వాటిలో వచ్చే మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా. ఒకే పెట్టెలోని రెండు తూటాల వేగంలో సెకనుకు అయిదు మీటర్ల తేడా ఉంటే చాలు, నెమ్మదిదానికి గాల్లో ఎక్కువసేపు పడుతుంది, దిగుడు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. 50 మీటర్ల టార్గెట్లో పది రింగు అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. అందులో నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతో మీరే చూడండి. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు ఎలీ, లాపువా కంపెనీల పరీక్ష రేంజ్‌లకు తమ రైఫిల్ తీసుకెళ్లి, ఏ లాట్ తూటా ఆ బ్యారెల్‌కి నప్పుతుందో కాల్చి చూసుకుని, ఆ లాట్ నంబరు పెట్టెలే కొనుక్కునేది ఇందుకే.

ఇక గాలి. ఫిరంగి గుండు దారిని గణితంతో పట్టిచ్చింది గెలీలియో. 1638లో వచ్చిన పుస్తకంలో ఆ దారి పారాబోలా అన్నాడు, గాలి లేదనుకుంటే. ఆ 'లేదనుకుంటే' ఎంత పెద్దదో తేల్చినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితవేత్త. వేలాడదీసిన బరువైన దిమ్మకేసి గుండు కాల్చి, దిమ్మ ఎంత ఊగిందో కొలిచి, దాన్నిబట్టి గుండు వేగం లెక్కగట్టాడు. వేగంగా పోయే గుండుని గాలి ఎంతగా అడ్డుకుంటుందో 1742లో ఆయన రాసేదాకా ఎవరూ సరిగ్గా ఊహించలేదు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి మన దక్షిణాదికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. తూటా శాస్త్రానికి పునాది వేసిన మనిషి మనకింత దగ్గర్లో పోయాడని మన పిల్లలకు చెప్పే పాఠం ఒక్కటీ లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

రాబిన్స్ లెక్క రేంజ్‌లో జెండాల మీద కనబడుతుంది. 50 మీటర్ల రేంజ్‌లో పది మీటర్ల దగ్గరొకటి, ముప్పై మీటర్ల దగ్గరొకటి చిన్న జెండాలుంటాయి. ఒక్కోసారి రెండూ చెరో వైపు ఎగురుతుంటాయి. నేనైతే దగ్గరి జెండానే ఎక్కువ నమ్మమంటాను. మొదట్లో పక్కకి తోసిన తూటా మిగతా దూరమంతా ఆ పక్కకే జరుగుతూ పోతుంది. మ్యాచ్ తూటాల్ని ధ్వని వేగానికి కిందే ఉంచడానికీ గాలి ఒక కారణం. ధ్వనిని దాటి బయల్దేరిన తూటా, తోవలో ఆ వేగం కిందకి జారేటప్పుడు చాలా వేగం పోగొట్టుకుంటుంది, పక్కగాలికి ఎక్కువ జరుగుతుంది. వేగం పెంచితే గాలికి తక్కువ లొంగుతుందనుకుంటాం, పాయింట్ టూటూ దగ్గర అది తలకిందులు.

2024 ఆగస్టు 1న ఫ్రాన్స్‌లోని షాటోరూ రేంజ్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు మనవాళ్లంతా అతని నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. మోకాలిమీద, బోర్లా పడుకుని, నిలబడి, మూడు భంగిమల్లో కాల్చాలి. భంగిమ మారితే తల ఆనే చోటు మారుతుంది, రైఫిల్ ఒరిగే తీరు మారుతుంది, దాంతో జీరో కూడా మారుతుంది. మూడింటికీ మూడు లెక్కలు గుర్తుంచుకోవాలి. గగన్ నారంగ్ 2012 లండన్‌లో హైదరాబాద్‌కి కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కష్టం వేరు. అక్కడ గాలి బాధ లేదు, పెల్లెట్ దిగేది ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకే, కానీ పది అనేది అర మిల్లీమీటరు చుక్క.

మన క్యాంపుల్లో పిల్లలు ఒకే దూరానికి కాల్చి, గ్రూపింగ్, అంటే తూటాలు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో, చూసుకుని ఇంటికెళ్లిపోతారు. ఒక చిన్న మార్పు చేయాలని నా కోరిక. 25 మీటర్లకు జీరో చేసిన రైఫిల్‌తోనే, సైట్ ముట్టుకోకుండా, 50 మీటర్ల టార్గెట్ మీద అయిదు రౌండ్లు ఇవ్వాలి. పైన అనుకున్న నాలుగు సెంటీమీటర్ల ఎత్తు సైట్లయితే గ్రూపు రెండు సెంటీమీటర్ల పైచిలుకు కిందకి దిగుతుంది. ఎంత దిగుతుందో ముందే లెక్కగట్టించి, ఆ అంకె టార్గెట్ కాగితం వెనక రాయించి, ఆ తర్వాతే కాల్పించాలి.