నీడ లేని నాన్న

చార్మినార్ వెనక సందులో ఓ ఫోటో స్టూడియో అద్దంలో పెట్టిన కుటుంబ చిత్రం గురించి ఇది. తల్లీ ముగ్గురు పిల్లలూ స్టూడియోలోనే దిగారు. తండ్రి మాత్రం గల్ఫ్‌లో కారు బానెట్ మీద చెయ్యేసి దిగిన ఫోటోలోంచి వచ్చాడు. కత్తిరింపు శుభ్రంగా ఉంది, జుట్టు అంచులతో సహా. కానీ వీళ్ల మీద వెలుగు ఎడమ నుంచి, ఆయన మీద ఎదురెండ. కాళ్ల కింద నీడే లేదు. ఫోటోషాప్‌లో 1994 నుంచీ లేయర్లున్నాయి. కింద నల్లటి లేయరొకటి పెట్టి మసక చేస్తే ఆయన నేలమీద నిలబడేవాడు. ఇది బద్ధకమే.

చెయ్యి సంగతి వేరు. కారు పోయింది, చెయ్యి మాత్రం చిన్నవాడి భుజానికి బెత్తెడు దూరంలో గాలిలో ఆగింది. కొంచెం జరిపితే తాకేది. "చిన్నోణ్ణి ఆయన ఇంకా చూడనే లేదు సార్. జరపొద్దన్నది ఆమెనే. వచ్చినంక ఆయనే వేస్తడంట చెయ్యి" అన్నాడు స్టూడియో ఆయన.

ఇంగ్లండ్‌లో ఆస్కార్ రైలాండర్ 1857లో 30కి పైగా నెగటివ్‌లు కలిపి 'ది టూ వేస్ ఆఫ్ లైఫ్' చేశాడు. నీతి చెప్పడానికి మనుషుల్ని తనకు కావలసినచోట నిలబెట్టుకున్నాడు. ఇక్కడ ఎంతవరకు కలపాలో ఇంటి మనిషి చెప్పింది. నాకు ఆ బెత్తెడు ఖాళీయే ఎక్కువ నచ్చింది. నీడ మాత్రం వెయ్యాల్సిందే.