బొమ్మలో కనిపించని నది

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 దాకా కూల్చారు. 1913లో పూర్తయిన మొదటి ఆనకట్ట సాల్మన్ చేపల దారిని మూసింది. క్లాలం ఆదివాసుల పవిత్ర స్థలాన్ని ముంచింది.

ఆనకట్ట పోయాక నేల ఎలా ఉంటుందో ముందే చూపే కంప్యూటర్ బొమ్మలు ఇలాంటి పనికి మేలే చేస్తాయి. లెక్కల పట్టిక అర్థం కానివారికి కూడా బొమ్మ అర్థమవుతుంది. దీన్ని మేం కాదనం.

కానీ అలాంటి బొమ్మల్లో తరచూ నీరు తేటగా, ఒడ్డు పచ్చగా ఉంటుంది. ఎల్వాలో ముందు వచ్చింది బురద. ఆనకట్టల వెనక 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా మేట పేరుకుంది. బయటపడిన నేలలో ఏళ్ల తరబడి మొక్కలు నాటారు. ఆ నడిమి ఏళ్లను చూపని బొమ్మ సగం నిజమే చెబుతుంది.

ఇంకో లోటు అంతకన్నా పెద్దది. 2012లో, నీరు దిగాక, క్లాలం ప్రజలు తాము పుట్టామని చెప్పుకునే చోటు బయటపడింది. దాన్ని నూరేళ్లు గుర్తుంచింది యంత్రం కాదు, పెద్దల మాట. ఆ మాట వినకుండా గీసిన నదికి పేర్లుండవు.

పోలవరం కింద మన కోయ, కొండరెడ్డి ఊళ్లు మునుగుతున్నాయి. ఉపాధ్యాయులారా, వాగు పేరు, గట్టు పేరు, వేల్పు ఉండే చోటు పెద్దల నోట విని పిల్లలతో గీయిద్దాం. రేపు ఎవరు ఏ బొమ్మ తెచ్చినా, మన పటం పక్కన పెట్టి సరిచూద్దాం.