నల్ల పియానో, పసుపు వెల్లువ

పియానో విని వేసిన బొమ్మలంటే నాకు మొదట్నుంచీ కొంచెం అనుమానమే. గాలిలో ఎగిరే స్వరలిపి గుర్తులు, కరిగి పారే నలుపు తెలుపు మెట్లు, కళ్లు మూసుకున్న వాద్యకారిణి... కచేరీకి అచ్చేసిన కరపత్రాల్లా ఉంటాయి చాలామటుకు. ఈ పని సరిగ్గా కుదిరిన బొమ్మ చెప్పమంటే మాత్రం తడుముకోను. చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’.

1911 జనవరి 2న మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బెర్గ్ సంగీత కచేరీకి కాండిన్‌స్కీ వెళ్లాడు. వెంట ఫ్రాంజ్ మార్క్ లాంటి చిత్రకార మిత్రులున్నారు. ఆ రాత్రి స్ట్రింగ్ క్వార్టెట్లతో పాటు, షోన్‌బెర్గ్ 1909లో రాసిన మూడు పియానో రచనలు (ఓపస్ 11) వినిపించారు. ఆధార షడ్జం అంటూ లేని సంగీతమది. స్వరం ఎక్కడికి చేరి కుదుటపడుతుందో చెవికి అందదు. మొదటి దాంట్లో ఓ చోట కొన్ని మెట్లను చప్పుడు కాకుండా నొక్కిపట్టి, వేరే మెట్లను మోగించాలి. అప్పుడు ఎవరూ కొట్టని తీగలు వాటంతటవే సన్నగా పలుకుతాయి. ఇంట్లో రికార్డు వింటున్నప్పుడు ఫ్యాన్ తిరుగుతుంటే ఆ పలుకు దొరకదు.

కాండిన్‌స్కీ ముందు రెండు చిత్తు స్కెచ్‌లు గీశాడు. వాటిలో పియానో, శ్రోతలు గుర్తుపట్టేలానే ఉంటారు. కొద్ది రోజుల్లోనే వేసిన తైలవర్ణ చిత్రంలో పియానో పెద్ద నల్లటి ముద్దగా మారింది. జనం వంపు గీతలయ్యారు, రంగు మరకలయ్యారు. ఇక పసుపు! నలుపు పక్కనుంచి పొంగి హాలంతా ముంచేసింది.

తమాషా ఏమిటంటే, అతని లెక్కలో పసుపు ట్రంపెట్ రంగు. లేత నీలం వేణువు, ముదురు నీలం చెల్లో. ఆ రాత్రి కచేరీలో ట్రంపెట్టే లేదు. వాద్యం సంగతి పక్కనపెట్టి, ఆ సంగీతం తనను పొడిచిన తీరుకు రంగు వేశాడని నేననుకుంటాను. నేనూ బొమ్మలు వేస్తాను గనుక తెలుసు, చేయి తిరగడం ఇక్కడే కష్టం. రికార్డు మోగుతుండగా కుంచె పడితే చెయ్యి లయ వెంట పరిగెడుతుంది, కాగితం మీద గీతలే మిగులుతాయి. అందుకే నేను పాట ఆపేశాకే రంగులు కలుపుతాను. అప్పటికి స్వరాలు సగం మరుపున పడతాయి. పడనీ.

1928లో కాండిన్‌స్కీ ఇంకో దారి పట్టాడు. స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ 1874లో రాసిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ అనే పియానో కృతి పుట్టిందే, చనిపోయిన స్నేహితుడు హార్ట్‌మన్ బొమ్మల్లోంచి. దాన్ని కాండిన్‌స్కీ జర్మనీలోని డెసావ్‌లో రంగస్థలం మీదికి తెచ్చాడు. హార్ట్‌మన్ బొమ్మల జోలికి పోకుండా, సంగీతంతో పాటు రంగుల ఆకారాలనూ వెలుతురునూ కదిలించాడు. సంగీతం నడుస్తుంది, బొమ్మ నిలబడిపోతుంది అన్న చిక్కు అలా తీరింది. తీరిందిగానీ, పియానో ఆగితే ఆ బొమ్మలూ ఆగిపోతాయి. మ్యూనిక్‌ లెన్‌బాఖ్‌హౌస్‌లో ఉన్న పసుపు బొమ్మకు ఆ తోడు అక్కర్లేదు. నా ఓటు దానికే.